పెద్దరోగము – దాని జ్ఞాతులు



ప్రత్తితీఁతలు ముగిసి, మిరపకల్లములు ఎత్తిన పిమ్మట మన గుంటూరు, ప్రకాశము మండలముల చేలలోనికి గొఱ్ఱెలమందలు దిగును. ఎరువుకొఱకు రైతు మందను తన చేనిలోఁ గట్టించుకొనును. కాపరికి గ్రాసమును, కొంత ప్రతిఫలమును లభించును. ఇరువురకును మేలైన యీ యేర్పాటునందే యొక యపాయము దాఁగియున్నది. నాలుగూళ్ల జీవములు ఒకచోటఁ గలిసినప్పుడు ఒకదాని రోగము వేఱొకదాని కంటును. అట్టివానిలో గొఱ్ఱెలకును మేఁకలకును వచ్చు పారుడురోగము ముఖ్యమైనది. దానిని నివారింపవలెనన్నచో ముందుగా దాని వంశమును దెలిసికొనవలెను. వంశము తెలిసినచో స్వభావము తెలియును. స్వభావము తెలిసినచో ఉపాయము తోఁచును.

ఈ రోగమునకుఁ గారణము వైరసు. అది సామాన్యపు క్రిములకంటె మిక్కిలి సూక్ష్మమైనది. 1902 లో నికోల్, ఆదిల్ బే అను శాస్త్రజ్ఞులు, పశువుల పెద్దరోగమునకు మూలమైన పదార్థము, క్రిములను నిలిపివేయు వడపోఁతగుండఁ గూడ జాఱిపోవుచున్నదని నిరూపించిరి. పెద్దరోగమనఁగా మన పూర్వులు ముసర యనియుఁ బిలిచినది. ఊళ్లకు ఊళ్ల కొట్టములను శూన్యము గావించినది.

వైరసు తనంతటఁ దాను పెరుగఁజాలదు. ప్రాణి శరీరమందలి జీవకణమునఁ జొచ్చి, ఆ కణముచేతనే తన ప్రతులను వ్రాయించుకొనును. దాని సారమంతయు ఆర్.ఎన్.ఏ. అను నొక సన్నని దారమునం దున్నది. అది నాలుగే యక్షరములతో వ్రాయఁబడిన తాళపత్రమువంటిది. పెద్దరోగపు వైరసునందు దాదాపు 16,000 అక్షరములు, ఆఱు అధ్యాయము లున్నవి. ఇంతకంటె నాశ్చర్యకరమైన దొకటి గలదు. అచ్చుకూటమున సీసపుటక్షరములు త్రిప్పి పోఁతపోయఁబడి యుండును; కాగితముపై నద్దినఁగాని చదువ వీలుపడదు. ఈ కుటుంబపు వైరసుల లిపియు నట్లు త్రిప్పి వ్రాసినదే. జీవకణమునకు అది నేరుగా బోధపడదు. అందుచేత వైరసు అచ్చువేయు పనివానిని సైతము తనవెంటఁ దెచ్చుకొనును.

ఆ పనివాఁడు నిపుణుఁడు కాఁడు; నకలు వ్రాయునప్పుడు తఱచుగాఁ దప్పులు చేయును. ఒక గ్రంథమునకుఁ బది వ్రాఁతప్రతులు దొరకినప్పుడు పండితులు, ఏ రెండింట నొకేవిధమైన లేఖకదోషములు కనఁబడునో అవి యొకే మాతృకనుండి పుట్టినవని నిర్ణయింతురు. శాస్త్రజ్ఞులును వైరసుల జ్ఞాతిత్వమును ఇట్లే నిర్ణయించుచున్నారు.

ఈ విధమున నేర్పడిన కుటుంబమునకుఁ బారామిక్సోవిరిడే యని పేరు. గోత్రమునందు శాఖలవలె దీనియందును శాఖలు గలవు. మార్బిల్లివైరసు అను శాఖయందుఁ బశువుల పెద్దరోగము, గొఱ్ఱెమేఁకల పారుడు, కుక్కలకు వచ్చు డిస్టెంపరు, మనపిల్లలకు వచ్చు తట్టు చేరియున్నవి. కోళ్లను రాల్చు కొక్కెరతెగులు వేఱొక శాఖ. 1926 లో ఆంగ్లదేశపు న్యూకాసిల్ నగరమునను, పిమ్మట కుమావూను కొండలలోని రాణిఖేతునను గుర్తింపఁబడుటచే దానికి ఆ రెండూళ్ల పేళ్లును నిలిచినవి. 2018 లో కేరళదేశమును భయపెట్టిన నీపా మఱియొక శాఖ. దాని పుట్టిల్లు గబ్బిలము. జ్ఞాతులన్నంతమాత్రమున నన్నియు నొక్కటి యనరాదు. పారుడు మనుష్యులకు సోకదు. తట్టు పశువులకు రాదు.

ఇఁక పెద్దరోగపు కథ వినుఁడు. 1920 లో హిందూదేశమునుండి బ్రెజిలునకుఁ బోవుచుండిన మూపురపు పశువులను నడుమ బెల్జియమునందలి ఆంట్వెర్పు రేవున నిలుపఁగా, ఆ దేశమున నీ రోగము వ్యాపించెను. ఆ భయమే కారణముగా 1924 లో పారిసునందు అంతర్జాతీయ పశువైద్యసంస్థ వెలసెను. మన ఒంగోలుజాతి సంతతి నేఁటికిని బ్రెజిలునందు నెల్లూరు పేరుతోనే వర్ధిల్లుచున్నది. కాని పశువుతోఁబాటు రోగమును ఓడ యెక్కునని లోకము నాఁడు నేర్చుకొనెను. ఆ దశకముననే ముక్తేశ్వర పరిశోధనాలయమున ఎడ్వర్డ్సు అను పశువైద్యుఁడు వైరసును మేఁకలలోఁ బెంచి బలహీనపఱచి టీకా సిద్ధపఱచెను. తరువాత ప్లోరైటు అనువాఁడు కెన్యాదేశమున నింకను సాధువైన టీకాను గనిపెట్టెను. మనదేశమున 1954 లో నిర్మూలనోద్యమ మారంభమయ్యెను. ఇచ్చట 1995 లోఁ గడపటిసారి కనఁబడిన యీ రోగము లోకమునందే లేదని 2011 లో చాటఁబడెను. మనుష్యులు నిర్మూలించిన వ్యాధులు రెండే: మొదటిది మశూచి, రెండవది పెద్దరోగము.

ఈ విజయమునకుఁ గారణము వైరసు స్వభావమందే యున్నది. దానికి రూపభేదములు లేవు. ఒక్క టీకా చాలును. కోలుకొన్న పశువునకు మరల రాదు. పైపొర క్రొవ్వుతోఁ గూడినది గావున సబ్బునకును, సున్నమునకును, ఎండకును త్వరలో నశించును. గాలికుంటు సంగతి వేఱు. అదియు ఆర్.ఎన్.ఏ. వైరసే యైనను వేఱొక కుటుంబమునకుఁ జెందినది. ఏడు రూపములు గలది. అందుచేతనే దాని టీకాను మాటిమాటికి వేయింపవలసివచ్చుచున్నది. వంశవిచారము వట్టి పాండిత్యము గాదనుట కిదియే నిదర్శనము.

పారుడు పెద్దరోగమునకుఁ దమ్మునివంటిది. 1942 లోఁ బశ్చిమాఫ్రికాయందు దీనిని మొదట వర్ణించిరి. మనదేశమున 1987 లో తమిళనాట అరసూరు గ్రామమున గుర్తించిరి. అంతకుముందు గొఱ్ఱెలు చచ్చినను పెద్దరోగమనియే తలఁచుచుండిరి. పోలిక యెంతటిదనఁగా, అన్నకు వేసిన టీకాయే తమ్మునిఁ గూడ నాఁపెను! తరువాత ముక్తేశ్వరముననే పారుడునకుఁ బ్రత్యేకమైన టీకాను సిద్ధపఱచిరి. ఒకసారి వేసిన మూఁడేండ్లైనను రక్షించును.

జ్వరము, కంటను ముక్కునను స్రావము, నోటియందుఁ బుండ్లు, పారుడు, రొప్పు, చూడిజీవము ఈసుకొనుట దీని లక్షణములు. క్రిములఁ జంపు సూదిమందులు వైరసును జంపవు. వెంటఁబడి వచ్చు నితరరోగములను మాత్ర మడ్డగించును. కావున రాకముందే టీకా వేయింపవలెను. ఆ మందును మంచుపెట్టెలోనే తేవలెను. వేఁడి తగిలినచో నిష్ఫలము. సంతలోఁ గొన్న జీవమును మూఁడు వారములు వేఱుగాఁ గట్టవలెను. చచ్చినదానిని వాఁగునఁ బాఱవేయక సున్నము చల్లి లోఁతుగాఁ బాఁతిపెట్టవలెను.

అన్నను లోకమునుండి వెడలఁగొట్టిన యుపాయమే తమ్మునికిని జాలును. 2030 నాఁటికిఁ దొలఁగింపవలెనని లోకమంతయు సంకల్పించినది. కాని ఊరిలో ఒక్కమంద మిగిలినను వైరసునకు నిలువనీడ దొరకును. కావున పెద్దలారా, ఈ యేఁడు మందను మీ చేనిలోనికిఁ బిలుచునప్పుడు, రాత్రి కెంత యిత్తునని బేరమాడుటకు ముందు, టీకా వేయించితివా యని కాపరి నడుగుఁడు. వేయింపకున్నచో వానిని గసరక, పశువైద్యశాలకుఁ దోడ్కొనిపొండు. మీ చేనికి ఎరువును, వాని యింటికి జీవనమును నిలుచును.