పొయ్యిలో మిగిలిన వేడి

వంట ఇంకా మొదలు కాలేదనడానికి మనవాళ్ళు "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు. ఈ మాటలో హాస్యంతోపాటు చిన్న శాస్త్రసత్యం కూడా ఉన్నది. రాత్రి వంట ముగిసి మంట ఆరిన తరువాత కూడా మట్టిపొయ్యి చాలాసేపు నులివెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం పిల్లికి తెలుసు. దాని ఖరీదే మనం ఆలోచించము!

మూడు రాళ్ళ పొయ్యిలో కాలిన కట్టెల వేడిలో గిన్నెకు చేరేది సుమారు నూటికి పది, పదిహేను వంతులే. తక్కినదంతా గోడలకూ, గాలికీ, పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి ముఖానికీ పంచిపెడుతున్నాము. రోహిణీకార్తెలో పదిమందికి వండిన వారికి ఈ లెక్క వేరే చెప్పాలా?

ఈ అధికపు వేడిని వదిలించుకోవడానికి మొదటి ఉపాయం, దానిని పుట్టించకపోవడమే. ఎసరు మరిగిన తరువాత ఎంత మంట పెట్టినా నీటి వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది; అన్నం త్వరగా ఉడకదు. ఆ పై మంటంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. చెంబెడు నీళ్ళు మరగడానికి పట్టే వేడికన్న, అవి పూర్తిగా ఆవిరి కావడానికి అయిదు రెట్లకు పైగా కావాలి. కనుక ఎసరు తెర్లగానే రెండు కట్టెలు వెనక్కు లాగి, గిన్నెమీద మూత పెట్టండి. మంట తగ్గాలని నీళ్ళు మాత్రం చిలకరించకండి. ఆవిరీ బూడిదా ముఖంమీదికి లేస్తాయి. పొయ్యి బీటలు వారుతుంది.

రెండవ ఉపాయం, మిగిలిన వేడికి పని చెప్పడం. మన పెద్దలు పొయ్యి ప్రక్కనే కోడిపొయ్యి పెట్టినది ఇందుకే. అసలు పొయ్యిమీద అన్నం ఉడుకుతుంటే, ప్రక్కకు వచ్చే సెగమీద పప్పో చారో కాగుతుంది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన డాక్టర్ ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకమే వెలువరించారు. అందులో ఒక్క మంట సెగే వరుసగా గిన్నెలన్నిటి క్రిందుగా పోయి, చివరకు పొగగొట్టంలోనుంచి బయటికి వెళ్ళిపోతుంది.

మూడవది, వేడిని దాచుకోవడం. నిప్పులమీద బూడిద కప్పితే గాలి తగలక నెమ్మదిగా కాలుతాయి. "నివురు గప్పిన నిప్పు" అన్న పలుకుబడి పుట్టినది అక్కడే. దాలిలో పిడకల సెగను పాలు గంటల తరబడి కాగి, ఎర్రని మీగడ కట్టడమూ ఈ ఓర్పు ఫలమే. ఒక పెట్టెలో ఎండుగడ్డి దట్టంగా కూరి, బాగా మరిగిన అన్నపుగిన్నెను మూతతో సహా అందులో దించి పైన కూడా గడ్డి కప్పితే, తక్కిన ఉడుకు మంట లేకుండానే పూర్తవుతుంది.

ఒక్క హెచ్చరిక. చలికాలంలో కుంపటి వెచ్చగా ఉన్నదిగదా అని పడకగదిలో పెట్టి తలుపులు మూసి పడుకోకండి. పొగ కనిపించకపోయినా బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఈనాడు చాలా ఇళ్ళకు గ్యాసు వచ్చినా, పెరటిలో నీళ్ళ కాగు క్రిందా, పల్లెల్లో వంటింటిలోనూ కట్టెలు ఇంకా కాలుతూనే ఉన్నాయి. కట్టె ఆదా కావడం ఒక లాభం. పొయ్యి ఎదుట కూర్చునే మనిషికి కాస్త చల్లగాలి దక్కడం అంతకంటె పెద్ద లాభం. ఆ లాభానికి వంటింటికి ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించడంతో శ్రీకారం చుట్టండి!