క్షితిజ బాహు నిరూపక కొలత యంత్రం

క్షితిజ బాహు నిరూపక కొలత యంత్రం అనగా వస్తువు ఉపరితలంపైని బిందువులను తాకి, వాటి ఎక్స్, వై, జడ్ నిరూపకాలను నమోదు చేసే యంత్రం. దీనిని, ఈ జాతికి చెందిన ఇతర యంత్రాలను కలిపి కర్మాగారాలలో సీఎంఎం అని వ్యవహరిస్తారు. కారు బాడీలు, పెద్ద అచ్చులు, రేకు భాగాలు కొలవడానికి ఇది ఎంతో అనువైనది. అయితే వంతెన ఆకారపు సీఎంఎంలు కొద్ది మైక్రాన్ల తేడాతో కొలవగలుగుతుండగా, పెద్ద క్షితిజ బాహు యంత్రాలలో ఆ తేడా పదుల మైక్రాన్లకు చేరుతుంది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను). ఇందుకు ముఖ్యకారణం యంత్ర నిర్మాణమే.

నిర్మాణం

పట్టాల వెంట ఒక నిలువు స్తంభం కదులుతుంది. స్తంభంపై ఒక బండి పైకీ కిందికీ జరుగుతుంది. ఆ బండిలో నుండి ఒక బాహువు అడ్డంగా ముందుకు సాగుతుంది. బాహువు కొసన ప్రోబు, దాని చివర చిన్న కెంపు గోళం ఉంటాయి. గోళం వస్తువును తాకగానే ప్రోబు సంకేతం పంపుతుంది. ఈ తరహా స్పర్శ ప్రోబును 1972లో డేవిడ్ మెక్‌మర్ట్రీ ఇంగ్లండులో రూపొందించాడు. కాంకార్డు విమానపు ఇంజనులోని ఇంధన గొట్టాలను కొలవవలసి రావడం దానికి ప్రేరణ. యంత్రం చుట్టూ అడ్డు లేనందున కారును నేరుగా పక్కకు తెచ్చి నిలపవచ్చు. ఒకే వైపు ఆధారం ఉండటం ఈ సౌకర్యానికి చెల్లించే మూల్యం.

బాహువు వంగుట

బల్ల అంచు నుండి స్కేలును కొద్దికొద్దిగా బయటికి జరుపుతూ పోతే దాని కొస కిందికి వాలడం విద్యార్థులందరూ చూసినదే. ఈ వాలు పొడవుతో సమానంగా పెరగదు. కొసన ఉన్న బరువు వలన కలిగే వంపు పొడవు ఘనానికి, దూలం స్వంత బరువు వలన కలిగే వంపు పొడవు నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటాయి. అనగా పొడవు రెట్టింపైతే మొదటిది 8 రెట్లు, రెండవది 16 రెట్లు అవుతుంది. తయారీదారులు ఈ వంపును ముందే కొలిచి సాఫ్ట్‌వేరు ద్వారా సవరిస్తారు. కాని ఆ తరువాత బరువైన ప్రోబు తలనో, పొడవాటి కడ్డీనో బిగిస్తే పాత సవరణ సరిపోదు.

ఆబే దోషం

కొలిచే పొడవు, కొలమానం ఒకే సరళరేఖపై ఉండాలని జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఆబే 1890లో ప్రతిపాదించాడు. ఈ యంత్రంలో అది సాధ్యం కాదు. ఎక్స్ అక్షపు కొలమానం పట్టాల వద్ద ఉంటే, తాకే బిందువు మీటరు కంటే ఎక్కువ దూరంలో ఉండవచ్చు. స్తంభం ఒక్క ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు) తిరిగినా, మీటరు దూరంలో దాదాపు 5 మైక్రాన్ల తేడా వస్తుంది. పది సెకన్లు తిరిగితే ఒకటిన్నర మీటర్ల దూరంలో అది 70 మైక్రాన్లు దాటుతుంది. మూడు అక్షాలు గల యంత్రంలో ఇటువంటి జ్యామితీయ దోషాలు మొత్తం 21. ఒక్కొక్క అక్షానికి ఆరు చొప్పున 18, అక్షాల మధ్య లంబత్వ దోషాలు మూడు.

ఉష్ణోగ్రత

పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. ఒక మీటరు ఉక్కు ఒక్క డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు, అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తాయి. ఆ లెక్కన నాలుగు మీటర్ల ఉక్కు బాడీ 25 డిగ్రీల వద్ద 0.23 మిల్లీమీటరు పెరిగి ఉంటుంది. వస్తువు ఉష్ణోగ్రతను సరిగా కొలిస్తే దీనిని సవరించవచ్చు. స్తంభానికి ఒక పక్కన మాత్రమే ఎండ సోకినప్పుడు కలిగే వంపును సవరించడం అంత సులభం కాదు.

యథార్థత, పునరావృత్తి

ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సాధారణం. ఒకే బిందువును పదిసార్లు తాకి, పదిసార్లూ దాదాపు అదే అంకె వచ్చిందని యంత్రం సరిగా ఉందనుకుంటారు. వంగిన బాహువు ప్రతిసారీ అంతే వంగుతుంది. తప్పు కూడా అంతే నమ్మకంగా పునరావృతమవుతుంది. తెరపై దశాంశ స్థానాలు ఎన్ని కనిపించినా ఈ తప్పు బయటపడదు.

అందువలన ఐఎస్ఓ 10360-2 ప్రమాణంలో, ముందే క్రమాంకనం చేసిన ఐదు పొడవులను యంత్రపు కొలత పరిధిలో ఏడు స్థితులలో, ఒక్కొక్కటి మూడేసి సార్లు, మొత్తం 105 సార్లు కొలుస్తారు. ఒక్క కొలత అయినా తయారీదారు ప్రకటించిన హద్దు దాటితే, దానిని తిరిగి కొలిచి చూస్తారు. ఈ పరీక్షలో నెగ్గిన యంత్రం కారు తలుపును కూడా అంతే యథార్థంగా కొలుస్తుందని చెప్పలేము. పలుచని రేకు తన బరువుకే వంగుతుంది. బిగించే తీరును బట్టి ఆకారం మారుతుంది. దీనిని యంత్ర దోషంగా లెక్కించకూడదు.

ఒక భాగానికి అనుమతించిన తేడా 0.5 మిల్లీమీటరు, కొలతలోని అనిశ్చితత్వం 0.1 మిల్లీమీటరు అనుకుందాం. 1998లో వెలువడిన ఐఎస్ఓ 14253-1 ప్రకారం, భాగం బాగుందని నిరూపించవలసిన సరఫరాదారు స్థూలంగా 0.4 లోపు, బాగాలేదని నిరూపించవలసిన కొనుగోలుదారు 0.6 పైన కొలత చూపాలి. 0.45 అని వచ్చినచో ఇద్దరిలో ఎవరి వాదమూ నెగ్గదు. అనిశ్చితత్వం ఎంత ఎక్కువైతే ఈ తేలని మేర అంత విశాలమవుతుంది. బాహువును వీలైనంత తక్కువ చాచి కొలవడం, ప్రోబు మార్చినప్పుడల్లా ప్రామాణిక గోళంతో సరిచూడడం, భాగాన్ని కొలత గదిలో తగినంతసేపు ఉంచి ఆ తరువాతే కొలవడం దానిని తగ్గించే ముఖ్య పద్ధతులు.