దివాన్ లెక్క, దొర పద్దు

1853 మే నెలలో మీర్ తురాబ్ అలీ ఖాన్ హైదరాబాద్ దివాను అయ్యేనాటికి వయసు 24. బీరారును కుంఫిణీకి ధారపోసిన ఒడంబడిక సిరా అప్పటికింకా ఆరలేదు. ఖజానా ఖాళీ. తాలూకాలకు తాలూకాలే అరబ్బు జమాదార్ల దగ్గర, సాహుకార్ల దగ్గర తాకట్టులో ఉన్నాయి. అక్కడి నుంచి 1883 ఫిబ్రవరి 8న కలరాతో కన్నుమూసేదాకా ముప్పై ఏళ్లు, ముగ్గురు నిజాముల కింద ఆయనే దివాను. మనం మొదటి సాలార్‌జంగ్ అంటున్నది ఈయననే.  

లండన్‌లో గ్లాడ్‌స్టన్, డిజ్రేలీ ఎన్నికల్లో ఓడితే దిగిపోయేవారు, గెలిస్తే మళ్లీ వచ్చేవారు. ఇక్కడి దివానుకు ఆ వెసులుబాటు లేదు. నిజాం అఫ్జలుద్దౌలా సెలవివ్వనిదే నగరం దాటలేడు. బ్రిటిష్ రెసిడెంటు అండ లేనిదే పదవి నిలవదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీదికి దండెత్తినప్పుడు ఈయన ఇంగ్లిషువాళ్ల పక్షానే నిలిచాడు. 1859లో దర్బారు నుంచి రెసిడెంటుతో కలిసి వస్తుంటే కాల్పులు జరిగాయి. చావు తప్పింది. ఇంతచేసినా బీరారు తిరిగి రాలేదు. 1876లో దానికోసమే ఇంగ్లండు బయల్దేరి, దారిలో పారిస్‌లో జారిపడి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు ఇచ్చింది, దొరతనం మాత్రం మొండిచెయ్యి చూపింది.

ఇదంతా పట్నం కథ. మానుకోట, జనగామ వైపు నుంచి చూస్తే ఆయన బతుకులో అసలు ఏడు 1865. ఆ ఏడు మొదలైన జిల్లాబందీతో శిస్తు గుత్తేదార్లు పోయి జీతం మీద పనిచేసే అధికారులు వచ్చారు. రైతు నేరుగా సర్కారుకే కట్టాలి. మంచి పనే. ఊళ్లలో పన్ను వసూలు చేసిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు పని పోయింది, బదులుగా ఏటా రుసుం వచ్చింది. ఊరి దస్త్రాలు, ఊరి మీద పట్టు మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. సర్వే గొలుసు వచ్చేసరికి కాగితం ఎవరిదో చెలక వాళ్లదే అయింది. దున్నినవాడు తన భూమిలోనే కౌలుదారయ్యాడు.

ఆ పట్టు ఎంతదాకా పోయిందంటే, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 40 వేల ఎకరాలుండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలు రాశాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం ఆ గడీకే ఎదురు తిరిగింది. అదే గడీతో పోరులో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు.

ఎనభై ఏళ్ల తర్వాతి నెత్తురంతా దివాను ఖాతాలో రాస్తే అన్యాయమే. వెట్టిచాకిరి ఆయన పెట్టింది కాదు, తర్వాతి దివాన్లకూ చేతులున్నాయి. అయినా ఒక మాట అనక తప్పదు. రెసిడెంటు కనుసన్నలో ముప్పై ఏళ్లు నెగ్గుకొచ్చినంత చతురుడు, పట్వారీ సంచిలో ఏముందో మాత్రం చూడలేదు. ఆయన లెక్కలో ఊరంటే వసూలయ్యే శిస్తే.