నల్లి కాళ్లు లెక్కపెడదాం

వేంపల్లె, ఇడుపులపాయ, పులివెందుల చుట్టుపట్ల చీనీ తోటల్లో పనికి పోయే కూలీలకు "నల్లి పడింది, మందు కొట్టాల" అనే మాట కొత్త కాదు. ఏ నల్లి అని అడిగేవాళ్లే తక్కువ. అప్పు చేసి మందు కొనేది సన్నకారు రైతు. డబ్బా వీపున మోసి ఆ విషపు గాలి పీల్చేది కూలి. అందుకే ఏది ఏ నల్లో పోల్చుకునే విద్య మందుల దుకాణం బల్ల మీదే ఉండిపోకూడదంటాం మేము.

ముందు కాళ్లు లెక్కపెట్టాల. మంచంలో నల్లికి ఆరు కాళ్లు, దాని జాతే వేరు. తొలకరికి ఎర్ర మఖమలు ముక్కలా నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగును చూడండి, ఎనిమిది కాళ్లు. అదీ నల్లి జాతిదే, పురుగుల గుడ్లను తినేది, పైరు జోలికి పోదు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మాత్రం ఆరే కాళ్లు. చీనీ కాయకు మంగు తెచ్చే నల్లి ఈ లెక్కకు రాదు. పిల్లకైనా పెద్దకైనా నాలుగే, అవీ తల దగ్గరే. లేత పసుపు రంగు, ముల్లంగిలా ముందు లావు, వెనక సన్నం. పొడవు మిల్లీమీటరులో ఏడో వంతు. భూతద్దం లేనిదే కనపడదు. అది బతికేది ఆకు మీద, కాయ మీద. మట్టిలో కాదు.

మరి మట్టిలో ఉండేవి ఏవి? చెట్టు కింద కుళ్లిన ఆకు పిడికెడు తీసి తెల్ల కాగితం మీద దులపండి. గసగసాల గింజ కంటే చిన్నవి, గోధుమరంగు పూసల్లా మెరుస్తూ నింపాదిగా నడిచేవి పెంకు నల్లులు. కుళ్లిన ఆకునూ బూజునూ తిని ఎరువు చేసేవి ఇవే. ప్రపంచంలో పేరు పెట్టినవే 10 వేల రకాలకు పైన. నెత్తిన రెండు పక్కలా చిన్న గుంట, గుంటకో వెంట్రుక ఉంటుంది. అది దారంలా ఉందా, గదలా ఉందా? భుజాన రెక్కలాంటి మూత ఉందా? కాలికి గోరు ఒకటా, రెండా, మూడా? కడుపు కింది పలకల మీద వెంట్రుకలు ఎన్ని? వీటిని బట్టే శాస్త్రజ్ఞులు రకం తేలుస్తారు. దానికి సూక్ష్మదర్శిని కావాల. పిల్లలకు ఆ పెంకే ఉండదు గనుక పిల్లను చూసి తల్లి పేరు చెప్పడం పెద్ద చదువరులకూ కష్టమే.

చదునుగా ఉండి, ముందు కాళ్లు మీసాల్లా ఎత్తి తడుముకుంటూ పరుగు తీసేవి వేట నల్లులు. కాళ్ల మొదట్లో పక్కగా ఊపిరి రంధ్రం, దానినుంచి ముందుకు సాగే గాడి వీటి గుర్తు. తోటి నల్లులనూ పురుగుల గుడ్లనూ తింటాయి. కూలి అడగని కాపలాదారులన్నమాట!

వీటిని పట్టడానికి ఇటలీ శాస్త్రజ్ఞుడు బెర్లేసే 1905లో ఒక గరాటు చెప్పాడు. ఇప్పుడు వాడే తీరులో జల్లెడ మీద మట్టి, పైన బల్బు, కింద స్పిరిట్ సీసా. వేడికీ ఆరుదలకీ తాళలేక నల్లులు కిందికి దిగి సీసాలో పడతాయి. రేకు గరాటు ఉంటే ఏ యువజన సంఘమైనా చేసి చూడొచ్చు.

మంగు కనిపించిందని చెట్టు మొదట్లో గుళికలు పోయించే దుకాణదారులున్నారు. మంగు నల్లి పైన కాయ మీద ఉంటే, చచ్చేది కింద ఎరువు చేసే నల్లి. మంగుకు సాధారణంగా సిఫారసు చేసేది నీటిలో కరిగే గంధకం, లీటరుకు 3 గ్రాములు, కాయా ఆకూ తడిసేలా. మండే ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, గాలికి ఎదురు నిలబడకుండా, పొద్దు వాలినాక కొట్టాల.