చిన్నారి సాక్ష్యము, పెద్దల చూపు

పసిపిల్లలపై జరుగు అత్యాచారముల విచారణలలో జ్యూరీ సభ్యుల పూర్వాభిప్రాయములు తీర్పును ఎట్లు వంచునో వ్రాయుడని సంపాదకులు కోరినప్పుడు, నేను మొదట వెదకినవి పేరుమోసిన కేసులే. కాని వానినన్నిటిని ప్రక్కకు నెట్టి నా మనస్సును పట్టుకొన్నది, 1998లో ‘లా అండ్ హ్యూమన్ బిహేవియర్’ అను పత్రికలో గెయిల్ గుడ్‌మన్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో కలిసి ప్రకటించిన యొక పరిశోధన.

అయిదాఱేండ్ల పిల్లలు, ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లలు, ఒక్కొక్కరుగా, మున్నెన్నడును ఎఱుగని యొక పురుషునితో ఆడుకొనిరి. ఆటలో స్టిక్కర్లు అంటించుకొనవలెను. కొందఱిని అతడు చేతులపైన, కాలివ్రేళ్లపైన, బొడ్డుపైన, అనగా బట్ట కప్పని చోట అంటించుకొమ్మనెను. తక్కినవారిని దుస్తులపైననే అంటించుకొమ్మనెను. పిమ్మట జరిపిన కల్పిత విచారణలో మొదటిది నేరము, రెండవది నిర్దోషిత్వము. ఏ బిడ్డకు ఏమి జరిగినదో పరిశోధకులు ముందే ఎఱుగుదురు గనుక, నిజమైన న్యాయస్థానములలో దాదాపు ఎన్నడును దొరకని సౌకర్యము, సాక్ష్యమును సత్యము ప్రక్కన నిలిపి చూచుట, వారికి దొరకినది. సుమారు రెండు వారముల పిమ్మట ఆ పిల్లలు ఒక నగర న్యాయస్థానపు గదిలో సాక్ష్యమిచ్చిరి. కొందఱు నిండుకోర్టులో, కొందఱు క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్ ద్వారా. జ్యూరీగా కూర్చున్నవారు సామాన్య పౌరులు.

కోర్టులో నిలువవలసిన పిల్లలు విచారణకు ముందే ఎక్కువ బెదరిరి. టెలివిజన్ ద్వారా పలికినవారిలో చిన్నవారు, ప్రశ్నించువారు నోటికందించిన మాటలకు తక్కువగా లొంగిరి. ముద్దాయికి దీనివలన హాని కలిగినదా యనగా, కలుగలేదు. జ్యూరీ అతనికి ప్రతికూలముగా మొగ్గలేదు, సత్యాసత్యములను వేఱుచేయు శక్తియు తగ్గలేదు. హాని కలిగినది పిల్లలకు: తెరపై కనబడిన బిడ్డను జ్యూరీ సభ్యులు తక్కువగా నమ్మిరి. నిజము చెప్పుటకు బిడ్డకు తోడ్పడిన సాధనమే ఆ నిజముపై నమ్మకమును సడలించినదన్న ఈ ఫలితమును చదివి నేను చాలసేపు కలము కదపలేకపోతిని.

2003లో గోల్డింగ్ ప్రభృతులు ప్రకటించిన మఱియొక పరిశోధనయు దీనికి తోడుగా నిలుచును. కన్నులు చెమర్చిన బాలిక సాక్ష్యమునకు దోషనిర్ణయములు హెచ్చెను. అదే సంగతిని నిబ్బరముగా చెప్పినను, వెక్కివెక్కి యేడ్చుచు చెప్పినను తగ్గెను. బాధపడిన బిడ్డ ఎట్లుండవలెనో, ఎంత కన్నీరు కార్చవలెనో జ్యూరీ సభ్యుడు తనలో ముందే కొలత పెట్టుకొని వచ్చుచున్నాడు. ముఖము చూచినంతనే సత్యము తెలిసిపోవునను పెద్దల ధీమాపై నాకు మొదటినుండియు అంతగా విశ్వాసము లేదు. ఈ పరిశోధనలు చదివిన పిదప ఉన్న కొంచెమును పోయినది.

టెలివిజన్ సాక్ష్యపు పూర్వకథ క్లుప్తముగా: సాక్ష్యమిచ్చు బాలికలకును ముద్దాయికిని నడుమ తెర నిలుపుట, సాక్షిని ముఖాముఖి ఎదుర్కొను రాజ్యాంగ హక్కునకు భంగమని అమెరికా సుప్రీంకోర్టు 1988లో ‘కాయ్ వర్సెస్ అయోవా’ కేసులో తీర్పు చెప్పినది; కాని 1990లో ‘మేరీలాండ్ వర్సెస్ క్రెయిగ్’ కేసులో, అయిదుగురు ఒకవైపు నలుగురు వేఱొకవైపు నిలువగా, అవసరము నిరూపితమైనచోట టెలివిజన్ సాక్ష్యమును అనుమతించినది. పిల్లలపై అత్యాచారముల ఆరోపణతో నడచిన, కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ శిశుపాఠశాల కేసు ఆ యేడే ఒక్క దోషనిర్ణయమైనను లేక ముగిసినది. పిల్లలను ఒత్తిడిచేసి ప్రశ్నించిన తీరే అచ్చట సాక్ష్యమును చెఱచినది. అందుచేత బిడ్డ మాటనెల్ల కన్నుమూసి నమ్ముడని నేననుట లేదు.

స్త్రీలు, పురుషులు
కల్పిత జ్యూరీలపై జరిగిన పరిశోధనలు పెక్కింటిలో, పురుషులకంటె స్త్రీలు బిడ్డ మాటను ఎక్కువగా నమ్మిరి. బెట్ బాటమ్స్ అను పరిశోధకురాలు, బాలలపట్ల గల సానుభూతిలోని భేదమును ఇందుకొక కారణముగా చూపినది.

మన దేశమున
1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తోనే జ్యూరీకి చోటు లేకపోయినది. బాలలను లైంగిక నేరములనుండి కాపాడు 2012 నాటి పోక్సో చట్టము 36వ సెక్షను ప్రకారము, సాక్ష్యమిచ్చు వేళ బిడ్డ ముద్దాయి కంటబడకుండ ప్రత్యేక న్యాయస్థానము చూడవలెను. ముద్దాయికి మాత్రము మాటలు వినబడవలెను. వీడియో, తెర, ఒకవైపే కనబడు అద్దము, ఏదైనను వాడవచ్చును. ఇచ్చట నమ్ముటయు నమ్మకుండుటయు ఒక్క న్యాయమూర్తి చేతిలో నున్నది.

కాని అమెరికా పౌరసత్వము పొందిన తెలుగువారికి జ్యూరీ పిలుపులు వచ్చుచునే యున్నవి. అట్టి విచారణలో కూర్చుండు భారము మీకు కలిగినచో, బిడ్డ ఎట్లు కనబడినదో ప్రక్కనుంచి, ఏమి చెప్పినదో, ఆ మాట మొదట ఎవరు ఎట్లు అడుగగా వచ్చినదో చూడుడు.