రెండు వాటాలు, ఒకటే ఆశ

రేపటికల్లా లక్షలొస్తాయని నమ్మే మొగుడు. ఇవాళ పాలవాడికి ఏమిద్దామని అడిగే పెళ్లాం. అద్దె ఇల్లు, పక్క వాటాలో ఇలాంటిదే ఇంకో జంట. తెలుగు టీవీలో ఆ కథ పేరు ‘అమృతం’. 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రుళ్లు మనల్ని నవ్వించింది. మొత్తం 313 భాగాలు. నిర్మాత గుణ్ణం గంగరాజు.

అమృతరావు, ఆంజనేయులు ప్రాణస్నేహితులు. వాళ్ల భార్యలు సంజీవిని, శాంత. ఇంటి యజమాని అప్పాజీ. మిత్రులిద్దరూ కలిసి ‘అమృత విలాస్’ అని హోటల్ పెడతారు, అందులో పనివాడి పేరు సర్వం. అమృతం వేషం శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు. అంజి మాత్రం గుండు హనుమంతరావే. 2018లో ఆయన పోయినప్పుడు ఊళ్లో చాలామంది ‘అంజి పోయాడు’ అనే చెప్పుకున్నారు.

చోడవరంలో మా ఆయనా నేనూ టిఫిన్ హోటల్ నడుపుతాం. తెల్లవారుజామునే పిండి, చట్నీలు చూసుకోవాలి. చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బళ్లు కదిలే సీజన్‌లో ఇడ్లీ రేకులు ఖాళీగా ఉండవు. సీజన్ అయిపోయాక అరువు పుస్తకమే నిండుతుంది. అప్పుడే మా ఆయనకి విశాఖలో ఇంకో హోటల్ పెట్టాలన్న ఆలోచన పుడుతుంది. గ్యాస్ బండకి డబ్బులు తీసి పక్కన పెట్టాక మాట్లాడదామంటాను నేను. అందుకే సంజీవిని నాకు సొంత మనిషి.

‘అమృతం’ లాంటి కథకు అమెరికాలో పెద్ద పేరు తెచ్చింది ‘ద హనీమూనర్స్’. 1955 అక్టోబరు 1న సీబీఎస్ టీవీలో మొదలైంది. అరగంట భాగాలు 39, ఒక్క ఏడాదే నడిచింది. జాకీ గ్లీసన్ వేసిన రాల్ఫ్ న్యూయార్కులో సిటీబస్సు డ్రైవర్, జీతం వారానికి 62 డాలర్లు. పై వాటాలో ఉండే స్నేహితుడు నార్టన్ మురుగు కాలవల్లో దిగి పనిచేస్తాడు. గ్లీసన్ బ్రూక్లిన్‌లోని చాన్సీ వీధిలో, పేదరికంలో పెరిగాడు. రాల్ఫ్ కాపురం ఉండేదీ ఆ వీధిలోనే. ఒక బల్ల, ఒక పొయ్యి, ఒక ఐసుపెట్టె, ఇంటి సామాను దాదాపు అంతే. ఒక కథలో మిత్రులిద్దరూ వంటింటి పనిముట్లు టోకున కొని, టీవీలో చూపించి అమ్ముదామనుకుంటారు. కెమెరా ఎదుట రాల్ఫ్‌కి నోరు పెగలదు. పెట్టిన డబ్బు గంగపాలు.

ఒక్కచోట మాత్రం ఆ కథతో నాకు సర్దుబాటు కుదరదు. కోపమొస్తే రాల్ఫ్ పిడికిలెత్తి, ఒక్కటిస్తే చంద్రుడి మీద పడతావని భార్య ఆలిస్‌ను బెదిరిస్తాడు. కొట్టడు. ఆలిస్ కూడా జంకదు, నిలబడి సూటిగా జవాబిస్తుంది. అయినా పిడికిలి పిడికిలే. పెళ్లాన్ని నిజంగా కొట్టే ఇళ్లున్న వీధిలో ఉంటూ నేను దానికి నవ్వలేను. ఆ బెదిరింపు లేకుండానే మన అమృతం ఆరేళ్లు నడిచింది. భర్త పథకం బోల్తాపడటం మీద నవ్వించింది, భార్య భయం మీద కాదు.

ఇప్పుడు సీరియళ్లలో పాలరాతి మెట్లు, వంటింట్లోనూ పట్టుచీరలే. ఆ ఇళ్లలో ఎవరూ అద్దె కట్టరు, ఎవరూ చిల్లర లెక్కపెట్టరు. పేదరికాన్ని చూపిస్తే ఏడుపు కోసమే చూపిస్తారు. డబ్బుకి కటకటలాడే ఇంట్లో కూడా నవ్వు ఉంటుంది. ఆ నవ్వే ఇద్దరినీ మర్నాడు మళ్లీ ఒకే పొయ్యి దగ్గర నిలబెడుతుంది. రాల్ఫ్ ఓడినా ఆలిస్ అతన్ని వదలదు, అమృతం ఓడినా సంజీవిని వదలదు. కష్టపడి బతికే ఆలుమగల్ని గౌరవించడమంటే వాళ్ల ఓటమినీ, వాళ్ల కలిసుండటాన్నీ రెండింటినీ చూపించడం. అలాంటి కథ మళ్లీ రాసేవాళ్లు కావాలి. అందులో లెక్క చూసే ఆడమనిషికి మాట ఉండాలి.