పాత పికప్‌కు ముందు డిస్క్ బ్రేకులు: మార్చే ముందు ఇవి చూసుకోండి



లోడుతో మొగిలి ఘాట్ దిగేవాళ్ళకు డ్రమ్ బ్రేకు సంగతి తెలిసిందే. డ్రమ్ములు వేడెక్కితే పెడల్ ఎంత తొక్కినా బండి ఆగనంటుంది. చెన్నై మనలిలో ఇంకో తంటా. మన మల్బరీ తోటలకు వేసే విజయ్ యూరియా తయారయ్యే చోటు అదే. ట్యాంకర్లు, కంటైనర్ లారీల మధ్య నడపాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు రోడ్ల మీద నీళ్ళు నిలుస్తాయి. డ్రమ్ములోకి నీళ్ళు పోతే తడి ఆరేదాకా బ్రేకు సరిగా పట్టదు. డిస్క్ గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి తిరుగుతూనే నీళ్ళు చిమ్మేస్తుంది, వేడీ త్వరగా వదిలేస్తుంది.

అందుకే పాత బండికి ముందు డిస్కులు వేయించొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. వేయించొచ్చు, కానీ డిస్కులొక్కటే మారిస్తే ప్రమాదం. సెట్టు మొత్తం చూడాలి:

1. *హబ్, కాలిపర్:* మీ మోడల్‌లోనే కంపెనీ డిస్కులతో వచ్చిన బండి సామాను అయితే మేలు. వెల్డింగ్ చేసి అతికించిన బ్రాకెట్లు వద్దు. రిమ్ముకు కాలిపర్ తగలకూడదు.

2. *మాస్టర్ సిలిండర్:* డిస్కుకు ఆయిల్ ఎక్కువ కావాలి. డ్రమ్ సిలిండర్లు కొన్ని లైనులో కొంచెం ప్రెషర్ నిలిపి ఉంచుతాయి. దాన్నే ఉంచితే ప్యాడ్లు రాసుకుంటూ కాలిపోతాయి.

3. *బూస్టర్:* డ్రమ్ములో షూ తనంతట తనే లోపలికి పట్టుకుంటుంది, డిస్కులో అలా ఉండదు. బూస్టర్ లేకపోతే కాలి బలం చాలదు. డీజిల్ బండికి వాక్యూమ్ పంపు కూడా ఉండాలి.

4. *వెనక ప్రెషర్ వాల్వ్:* ఇది కుదరకపోతే ఖాళీ బండికి వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి పక్కకు తిరుగుతుంది.

ఇంకో మాట. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్ళనూ అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బిగించాక గాలి పూర్తిగా తీయించండి. కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా ఖాళీ బండినే మెల్లగా నడపండి. మొదటి ట్రిప్పుకే గూళ్ళు ఎత్తొద్దు. సడన్ బ్రేకుకు బస్తాలు నలిగితే లోపలి ప్యూపా చితికి గూళ్ళకు మరకలు పడతాయి, రేటు పోతుంది.

అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు కొత్త షూలు, మంచి వీల్ సిలిండర్లు వేయించి, రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్చండి. ఘాట్‌లో చిన్న గేరులోనే దిగండి.